పెద్దాపరేషను - తల్లి మనస్సు

బాలింతను చూడవచ్చిన చుట్టాలు పల్నాటి పల్లెలలో అడిగే ప్రశ్నలు రెండు. "ఆడపిల్లా, మగపిల్లవాడా?" అన్నది మొదటిది. "మామూలు కాన్పేనా, పెద్దాపరేషను చేశారా?" అన్నది రెండవది. మొదటిదానికి సంతోషంగా బదులు చెప్పిన అమ్మాయి రెండవదాని దగ్గర గొంతు తగ్గిస్తుంది. "ఆపరేషనే, పిన్నీ" అని తల వంచుకుంటుంది. పక్కనున్న ఆమె తల్లి వెంటనే అందుకొని, నొప్పులు వచ్చాయనీ, రాత్రంతా ఓర్చుకున్నదనీ, ఉమ్మనీరు పోయిందనీ, చివరకు డాక్టరమ్మే ఇక లాభం లేదన్నదనీ కారణాలు చెబుతుంది. ఎవరూ తప్పు పట్టకముందే సంజాయిషీ మొదలవుతుందన్న మాట.

బెల్లంకొండ దుర్గం క్రింది ఊళ్ళలోనైనా, గుంటూరు పట్టణపు మేడలలోనైనా ఈ సంభాషణలో పెద్ద తేడా ఉండదు. ఇట్టి తల్లులు కొద్దిమంది కారు. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 కాన్పులలో 42 సిజేరియన్ శస్త్రచికిత్స వల్ల జరిగినవే. తెలంగాణలో ఆ సంఖ్య 60కి పైమాట. దేశం మొత్తం మీద చూస్తే 21 లేక 22. అంతకు ముందరి సర్వే 2015-16లో జరిగింది. అప్పుడు కూడా ఆంధ్రప్రదేశ్‌లో 40 ఉన్నది. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు తన ఎదుట కూర్చున్న పిల్లలను ఒకసారి కలయజూస్తే, వారిలో అయిదుగురికి ఇద్దరు ఈ దారిన లోకానికి వచ్చినవారని అనుకోవచ్చు. ఆ పిల్లలకు దానివల్ల ఏ లోటూ కనిపించదు. కాని వారి తల్లులలో చాలామందికి ఆ రోజు తలపుకు వస్తే నేటికీ మనస్సు చివుక్కుమంటుంది. ఎందుచేత?

"బిడ్డ క్షేమంగా ఉన్నది, నీవూ క్షేమంగా ఉన్నావు, ఇంకేం కావాలి?" అని ఇంటివారు అంటారు. ఓదార్చుటకే ఆ మాట అంటారు. విన్న తల్లి నోరు మాత్రం దానితో మూతపడుతుంది. బిడ్డ క్షేమంగా ఉన్నందుకు సంతోషమూ, తన శరీరం చేయవలసిన పని చేయలేకపోయిందన్న బాధా ఒకే మనస్సులో ఒకేసారి ఉండవచ్చు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది అబద్ధం కాదు. ఈ బాధను మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ప్రసూతి వైద్యులు గత 50 సంవత్సరాలుగా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. దానిలో ఎంత భాగం శరీరానికి సంబంధించినదో, ఎంత భాగం మనం కల్పించుకున్న అపోహలకు సంబంధించినదో వేరుచేసి చూడటం తల్లులకు మేలు చేస్తుంది.

ఇరుకు దారి

ముందుగా, కాన్పు ఎందుకు కష్టమవుతుందో తెలియాలి. పాఠశాలలో అస్థిపంజరం పటం చూపేటప్పుడు కటివలయాన్ని, అనగా తుంటి ఎముకల గూటిని, పేరు చెప్పి దాటివేయటం వాడుక. నిజానికి అక్కడ ఒక్క నిమిషం ఆగదగిన విశేషమున్నది. మనిషి రెండు కాళ్ళ మీద నిటారుగా నడిచే జంతువు. శరీరపు బరువంతా మోసి నడక సాగించుటకు ఆ గూడు గట్టిగా, పొందికగా ఉండాలి. మరొక ప్రక్క మనిషి బిడ్డ తల, తల్లి శరీరంతో పోల్చిచూస్తే, ఇతర జంతువుల పిల్లల తలల కంటె చాలా పెద్దది. నెలలు నిండిన శిశువు తల అడ్డంగా కొలిస్తే సుమారు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. అది దిగి రావలసిన ఎముకల దారి దానికంటె కొంచెమే పెద్దది. పైగా ఆ దారి తిన్నని గొట్టం కాదు. ప్రవేశద్వారం అడ్డంగా వెడల్పు, బయటి ద్వారం నిలువుగా వెడల్పు. అందువల్ల శిశువు తల వంచుకొని, మెలి తిరిగి దిగాలి. తల వంచుకోవటానికి బదులు వెనక్కు ఎత్తుకొన్నా, ముఖం తల్లి పొట్ట వైపుకు తిరిగి ఉన్నా, అదే దారి ఇరుకవుతుంది.

గర్భాశయం బలమైన కండరం. అది బిగుసుకున్నప్పుడల్లా నొప్పి వస్తుంది. గర్భాశయ ముఖద్వారం క్రమంగా విచ్చుకొని 10 సెంటీమీటర్ల వరకు తెరచుకుంటుంది. ఎంత బలంగా బిగుసుకున్నా ఎముకను వంచే శక్తి దానికి లేదు. తల పట్టనప్పుడు నొప్పులు పెరిగితే ఫలితం ఉండదు. నొప్పి వచ్చినప్పుడెల్ల మాయకు రక్తం అందటం కొంత తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దానికి తట్టుకుంటుంది. గంటల తరబడి అట్లే సాగితే తట్టుకోలేదు, గుండె కొట్టుకొనే వేగం పడిపోతుంది. ఇంతేగాక మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డంగా ఏర్పడటం, బొడ్డుతాడు ముందుగా జారటం, బిడ్డ అడ్డం తిరిగి ఉండటం, తల్లికి రక్తపు పోటు పెరిగి మూర్ఛలు రావటం వంటి కారణాలు మరికొన్ని ఉన్నవి.

ఈ జాబితాలో తల్లి చేతిలో ఉన్నది ఏదైనా ఉన్నదా? తల వంచుకొమ్మని బిడ్డకు ఆమె చెప్పలేదు. మాయ ఎక్కడ అంటుకోవాలో నిర్ణయించలేదు. ఎముకల గూడు తీరు చాలవరకు బాల్యంలోనూ, యౌవనారంభంలోనూ నిశ్చయమవుతుంది. చిన్ననాడు చాలినంత తిండి లేక పొట్టిగా ఎదిగిన పిల్లకూ, ఎముకలు పూర్తిగా ఎదగకముందే పెండ్లయి గర్భవతి అయిన పిల్లకూ కాన్పు కష్టమయ్యే అవకాశం ఎక్కువ. పైన చెప్పిన సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏండ్ల మధ్య ఉన్న స్త్రీలలో 100కి 29 మందికి 18 నిండకముందే పెండ్లి జరిగినట్లు తేలింది. తప్పు వెతకవలసి వస్తే అక్కడ వెతకాలి గాని, పురిటి మంచం మీద కాదు. "ముక్కలేదు, ఓర్పు లేదు, ఈ కాలపు పిల్లలు సుకుమారులు" అన్న మాటలకు శరీర శాస్త్రంలో ఆధారం లేదు.

"మేము ఆరుగురినీ ఏడుగురినీ ఇంట్లోనే కన్నాం, ఏ కోతా ఎరుగం" అని పెద్దమ్మలు అంటారు. అది అబద్ధం కాదు. ఆ మాట చెప్పగలుగుతున్నవారు మాత్రం బ్రతికి బయటపడినవారు. అడ్డం తిరిగిన బిడ్డతో మూడు రోజులు నొప్పులు పడి మంత్రసాని చేతులమీదనే పోయిన వారు ఆ అరుగు మీద కూర్చొని మాట్లాడలేరు. 2001-03 సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయినట్లు నమూనా నమోదు లెక్కలు చెబుతున్నవి. 2018-20 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. ఇందుకు కారణాలు చాలా ఉన్నవి: ఆసుపత్రి కాన్పులు, రక్తం అందుబాటు, మందులు, 2005లో మొదలైన 108 వాహనాలు. అవసరానికి అందిన సిజేరియన్ వానిలో ఒకటి.

కత్తి నుంచి కుట్టు వరకు

రోమను సేనాని జూలియస్ సీజర్ ఈ విధంగా పుట్టాడు గనుక ఆ పేరు వచ్చిందని చాలామంది నమ్ముతారు. సీజర్ పెద్దవాడై యుద్ధాలు చేసేనాటికి కూడా అతని తల్లి ఆరీలియా బ్రతికే ఉన్నది. ఆ కాలంలో కడుపు కోస్తే తల్లి బ్రతకటం అసంభవం కాబట్టి ఈ కథ నిలువదు. కోయుట అనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి పేరు వచ్చి ఉండవచ్చు. మన సుశ్రుత సంహితలో కూడా, తల్లి మరణించి కడుపులో బిడ్డ కదులుతున్నట్లయితే వెంటనే కోసి తీయవలెనని ఉన్నది. అనగా ప్రాచీనులకు ఇది చనిపోయిన తల్లి నుంచి బిడ్డను దక్కించుకొనే ఉపాయమే. తల్లి కొరకు చేసే పని కాదు.

తల్లిని కూడా బ్రతికించే పనిగా అది మారినది నిన్న మొన్ననే. 1787 నుంచి 1876 వరకు పారిస్ నగరంలో ఈ శస్త్రచికిత్స జరిగిన తల్లులలో ఒక్కరు కూడా బ్రతకలేదని వైద్యచరిత్రలు చెబుతున్నవి. కోసిన గర్భాశయాన్ని కుట్టకుండా వదలివేయటం అప్పటి ఆచారం. రక్తం పోయి కొందరు, చీము పట్టి కొందరు మరణించేవారు. 1876లో ఇటలీ వైద్యుడు పోర్రో బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్ని కూడా తొలగించి తల్లిని బ్రతికించాడు. 1882లో జర్మనీ వైద్యుడు జాంగర్, గర్భాశయపు గోడను వెండి తీగతోనూ పట్టుదారంతోనూ శ్రద్ధగా కుట్టి, దానిని తీసివేయకుండానే తల్లిని కాపాడవచ్చునని చూపించాడు. ఇంత చిన్న విషయం, కుట్టవలెనన్నది, తట్టటానికి అంత కాలం పట్టింది! మత్తుమందు అంతకు ముందే వచ్చింది. 1847లో ఎడింబరోలో సింప్సన్ కాన్పుకు క్లోరోఫారం వాడాడు. దాని మంచిచెడ్డలు తేల్చుటకు 1888, 1889 సంవత్సరాలలో పరిశోధక సంఘాలు కూర్చున్నది మన హైదరాబాదులోనే. ఆ పనిలో పాలుపంచుకున్న డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలో మత్తువైద్యం చేసిన తొలి స్త్రీలలో ఒకరు.

పల్నాటికి దగ్గరలో గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా సారా కూగ్లర్ అనే అమెరికా లూథరన్ మిషను వైద్యురాలు వచ్చింది. పరాయి మగవానికి నాడి కూడా చూపించటానికి ఒప్పుకోని ఇండ్లలో స్త్రీలకు వైద్యం అందించుటకు ఆమె పూనుకొన్నది. 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరిచారు. దానిని నేటికీ కూగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. బెల్లంకొండ నుంచి బండి కట్టుకొని గుంటూరుకు పోవటమంటే ఆ రోజులలో సామాన్యం కాదు. ఇప్పటికీ దూరం ఒక సమస్యే. మండల కేంద్రాలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మామూలు కాన్పుకు సరిపోతాయి గాని, కోతకు కావలసిన శస్త్రవైద్యుడు, మత్తువైద్యుడు, నిలువ రక్తం అక్కడ ఉండవు. సత్తెనపల్లికో, నరసరావుపేటకో, గుంటూరుకో తరలించాలి. నొప్పులు పడుతూ వాహనంలో కుదుపుల మీద ప్రయాణం, తెలియని ఊరు, తెలియని ముఖాలు, ఎవరో కాగితం చాచి "ఇక్కడ సంతకం పెట్టండి" అనటం - తరువాతి కాలంలో తల్లి మనస్సులో మెదిలేవి ఎక్కువగా ఇవే. కోత కంటె ఆ ఒక్క గంట ఎక్కువ గాయం చేస్తుంది.

అసలు కోత ఎట్లా చేస్తారో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఎక్కువమందికి నడుము క్రింది భాగం మాత్రమే మొద్దుబారేటట్లు వెన్నులో సూది వేస్తారు; తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడుపు ఆమె చెవిన పడుతుంది. పొత్తికడుపు అడుగున అడ్డంగా చర్మం కోసి, దాని క్రింది కొవ్వునూ, గట్టి పొరనూ తెరుస్తారు. పొట్ట కండరాలను కోయరు, మధ్యకు చీల్చి ప్రక్కలకు జరుపుతారు. తరువాత ఉదరపు పొర, దాని వెనుక గర్భాశయం. గర్భాశయపు అడుగు భాగం పలుచగా ఉంటుంది. అక్కడ అడ్డంగా కోస్తారు. మొదటి కోత పడిన కొద్ది నిమిషాలలోనే బిడ్డ బయటికి వస్తుంది. మిగిలిన అరగంటా ముప్పావుగంటా కుట్లు వేయటానికే. వెన్నులో సూది వేశారు కాబట్టి జన్మంతా నడుము నొప్పి తప్పదన్న మాట ఊరూరా ఉన్నది. పరిశోధనలలో అది నిలువలేదు. మామూలు కాన్పు అయిన తల్లులకు కూడా నడుము నొప్పి అంతే తరచుగా వస్తున్నది. బిడ్డను ఎత్తుకొని వంగి పాలివ్వటం, బరువులు, నిద్రలేమి దానికి చాలు.

పాలు ఏ దారిని ఎరుగును?

"ఆపరేషను పిల్లకు పాలు పడవు" అన్నది తల్లిని ఎక్కువగా కుంగదీసే మాట. పాలు ఎట్లా ఊరుతాయో చూద్దాం. గర్భంతో ఉన్నంత కాలం మాయ నుంచి ప్రొజెస్టిరోన్ అనే రసం ధారాళంగా రక్తంలో కలుస్తుంటుంది. పాలు ఉత్పత్తి చేయమని మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే మరొక రసం ద్వారా ఆజ్ఞ ఇస్తున్నా, ప్రొజెస్టిరోన్ దానికి అడ్డుపడుతుంది. మాయ శరీరం నుంచి వెడలిపోగానే ఆ అడ్డు తొలగుతుంది. అప్పటి నుంచి రెండు మూడు రోజులలో పాలు నిండుతవి. కాబట్టి శరీరం ఎదురుచూసేది మాయ పోవటానికి. అది ఏ ద్వారం గుండా పోయిందన్నది పాలగ్రంథులకు తెలియదు.

అయితే కోత తరువాత పాలు కొన్ని సందర్భాలలో ఒక రోజు ఆలస్యమయ్యే మాట నిజమే. బిడ్డ చప్పరించినప్పుడు ఆక్సిటోసిన్ అనే రసం విడుదలై పాలను బయటకు నెడుతుంది. తల్లి బెదరిపోయినా, మిక్కిలి నొప్పితో ఉన్నా అది సరిగా పనిచేయదు. కోత అయిన తల్లిని ఒక గదిలో, బిడ్డను మరొక గదిలో గంటల తరబడి ఉంచితే చప్పరింపే ఉండదు. పైగా ఆ మధ్యకాలంలో ఎవరో తేనె నాకిస్తారు, పంచదార నీళ్ళు పోస్తారు. కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు. "పాలు లేవు" అన్న తీర్పు వచ్చేస్తుంది. చికిత్స సులువు: తల్లి మెలకువగా ఉన్నట్లయితే శస్త్రచికిత్స గదిలోనే బిడ్డను ఆమె ఎదమీద పెట్టవచ్చు, ప్రక్కకు ఒత్తిగిలి పడుకొని, లేక బిడ్డను చంక క్రిందికి తీసుకొని కుట్ల మీద బరువు పడకుండా ముర్రుపాలు పట్టించవచ్చు. దీనికి కావలసినది ఒక నర్సు ఓపిక, ఒక దిండు.

పథ్యం మాట కూడా ఇక్కడనే చెప్పుకోవాలి. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని, కారప్పొడి అన్నంతో వారాలు గడిపించే ఇండ్లు పల్నాటిలో తక్కువ కావు. గాయం మానుటకు మాంసకృత్తులు కావాలి. మన ఇండ్లలో అవి చవకగా దొరికేది పప్పులోనే. చీము పట్టించేది సూక్ష్మజీవి, కందిపప్పు కాదు. పాలిచ్చే తల్లికి నీరు తగ్గిస్తే మలబద్ధకం, దానితో ముక్కవలసి వచ్చి కుట్ల దగ్గర నొప్పి. అత్తగారు ప్రేమతో చేసే కట్టడే ఇది. అయినా ఆకలితో ఉన్న మనిషికి దిగులు తొందరగా అంటుకుంటుందన్నది పెద్దలకు తెలియని సంగతేమీ కాదు.

మమకారం

బిడ్డను తొలి గంటలో ఎత్తుకోలేదు కాబట్టి తనకూ బిడ్డకూ నడుమ ఏదో తెగిపోయిందని కొందరు తల్లులు లోలోపల భయపడతారు. ఈ భయానికి కొంతవరకు విజ్ఞాన శాస్త్రమే కారణమైనదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. గుడ్డు నుంచి వచ్చిన బాతు పిల్ల మొదట కంటబడిన కదిలే ప్రాణినే తల్లిగా భావించి వెంటపడుతుందని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ 1930 ప్రాంతాలలో వర్ణించాడు. మేకలు, గొర్రెలు కూడా ఈనిన వెంటనే పిల్లను వేరుచేస్తే దగ్గరకు రానివ్వవు. గొర్రెల కాపరులందరికీ అనుభవమే. 1972లో అమెరికా వైద్యులు క్లాస్, కెన్నెల్ అనేవారు 28 మంది తల్లులను పరిశీలించి, మనుష్యులలో కూడా తొలి గంటలలో ఇట్టి ప్రత్యేక కాలం ఉన్నదని ప్రకటించారు. ఆ పరిశోధన వల్ల మేలు జరిగింది: తల్లినీ బిడ్డనూ వేరువేరు గదులలో ఉంచే ఆచారం చాలా దేశాలలో సడలింది. కీడు కూడా జరిగింది. ఆ గంట పోగొట్టుకున్న తల్లులు, మత్తులో ఉన్నవారు, నెలలు తక్కువ బిడ్డ అద్దాల పెట్టెలో ఉన్నవారు తమ పని అయిపోయినదని కుమిలిపోయారు. తరువాతి పరిశోధనలు ఆ గడువును సమర్థించలేదు. క్లాస్, కెన్నెల్ కూడా తమ మాటను మెత్తబరచి, మానవులు పరిస్థితులకు సర్దుకోగలవారన్నారు. పెంపుడు తల్లుల సంగతి తలచుకుంటే ఇది వెంటనే తేటపడుతుంది. యశోద కథ వినని తెలుగు ఇల్లు లేదు గదా. తొలి గంటలో బిడ్డను ఎదకు హత్తుకొనటం మంచిదే, బిడ్డ వేడికీ పాలకూ అది తోడ్పడుతుంది. అది జారిపోయినంత మాత్రాన మమకారానికి తలుపు మూసుకొనదు. నెలల తరబడి పాలిచ్చి, స్నానం చేయించి, రాత్రిళ్ళు జోకొట్టి అది పెరుగుతుంది. కొందరికి మొదటి రోజునే పొంగుతుంది, కొందరికి మూడవ నెలలో. ఇది మామూలు కాన్పు అయిన తల్లులకూ వర్తిస్తుంది.

కాన్పు తరువాత మొదటి పది రోజులలో సగం మందికి పైగా తల్లులకు ఊరక కన్నీళ్ళు వస్తవి. అది తనంతట తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవటం, బిడ్డను చూడబుద్ధి కాకపోవటం, తాను పనికిరాని దానినన్న తలంపు వదలకపోవటం కుంగుబాటు అనే వ్యాధికి గుర్తులు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష, భారతదేశంలో 100 మంది బాలింతలలో సుమారు 22 మందికి ఈ స్థితి ఉన్నదని లెక్కగట్టింది. మరికొందరిని కాన్పు దృశ్యాలే పీడకలలుగా వెంటాడుతవి. ఇది 100కి 3, 4 మందికి కనిపిస్తున్నది. ముందుగా నిర్ణయించుకున్న కోత కంటె, గంటల తరబడి నొప్పులు పడి చివరి నిమిషంలో పరుగు మీద తీసుకుపోయి చేసిన కోత తరువాత ఇట్టి బాధ ఎక్కువ. ఇవి రెండూ వైద్యునికి చూపించవలసినవి. దిష్టి తీస్తే పోయేవి కావు.

మిగిలిన తల్లుల సంగతి ఏమిటి? వ్యాధి లేదు, కాని ముల్లు ఉన్నది. వారితో ఒకసారి కూర్చొని మాట్లాడితే సరిపోతుందని ఒకప్పుడు అనుకున్నారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో వెయ్యిమందికి పైగా తల్లుల మీద దీనిని పరీక్షించి 2000 సంవత్సరంలో ఫలితాలు ప్రకటించారు. కోత లేక పట్టకారు కాన్పు అయినవారిలో కొందరితో ఇంటికి పోకముందే మంత్రసాని నర్సు ఒక గంటసేపు మాట్లాడింది, కొందరితో మాట్లాడలేదు. ఆరు నెలల తరువాత చూస్తే కుంగుబాటులో తేడా లేదు. కుట్ల నొప్పి ఇంకా తగ్గక మునుపే, ఒకే ఒక్కసారి, పరాయి మనిషి చేసిన సంభాషణ ముల్లును తీయలేదన్న మాట. తల్లి తనకు తోచినప్పుడు, తనకు తోచినన్నిసార్లు, తీర్పు చెప్పని మనిషి దగ్గర ఆ కథ చెప్పుకోగలగాలి. పుట్టింట్లో మూడు నెలలు ఉండే మన ఆచారంలో దీనికి చోటున్నది, "మళ్ళీ అదే మాటా?" అని కసరకుండా వినేవారుంటే.

కాన్పు గదిలో అయినవారు ఒకరు తోడుండటం వల్ల కూడా ఈ బాధ తగ్గుతున్నట్లు అనేక దేశాల పరిశోధనలు తేల్చినవి. తోడున్న తల్లులకు కోత అవసరమే కొంత తగ్గుతున్నది. అవసరమైనప్పుడు కూడా, ఏం జరిగిందో తరువాత చెప్పగల సాక్షి ఒకరుంటారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి తల్లికీ కోరుకున్న తోడును అనుమతించవలెనని సిఫారసు చేసింది.

అనవసరపు కోత

ఇంతవరకు చెప్పినది అవసరమై చేసిన కోతను గురించి. అన్నీ అట్టివేనని చెప్పటం సత్యం కాదు. జనాభా మొత్తం మీద 100కి 10 దాటిన తరువాత కోతల సంఖ్య పెరిగినందువల్ల తల్లుల, శిశువుల మరణాలు తగ్గుతున్నట్లు కనిపించటం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులలో 100కి సుమారు 27 ఉంటే, ప్రైవేటు ఆసుపత్రులలో 63 ఉన్నది. పల్నాటి స్త్రీల ఎముకలు ఆసుపత్రిని బట్టి మారవు గదా! దీనిలో కొంత డబ్బు, కొంత రాత్రివేళ వైద్యులు చాలకపోవటం, కొంత తగాదాల భయం ఉన్నది. కొంత మన పాలు కూడా ఉన్నది: పంచాంగం చూపించి, ఫలానా నక్షత్రంలో ఫలానా గడియకు బిడ్డను తీయమని అడిగే కుటుంబాలు తెలుగునాట కొత్త కాదు. నెలలు పూర్తిగా నిండకముందే ముహూర్తం వస్తే, ఆ బిడ్డ ఊపిరితిత్తులలోని నీరు సరిగా ఆరక ఆయాసపడవచ్చు.

తన కోత అవసరమైనదో కాదో తెలియని తల్లికి మనస్సు కుదుటపడటం మరీ కష్టం. ఆమెతో "అంతా నీ మంచికే" అనటం న్యాయం కాదు. "నిన్ను మోసగించారు" అని తెలియకుండా అనటమూ న్యాయం కాదు. ఆమె అడగవలసిన ప్రశ్నలు ఉన్నవి, వానికి జవాబు పొందే హక్కు ఆమెకు ఉన్నది. అవసరం లేని కోత జరిగినదని తేలినా ఆ తప్పు చేసినవారిది. కడుపున మోసి, కత్తికి ఒడ్డుకొని, ఆ నొప్పితోనే రాత్రిళ్ళు లేచి పాలిచ్చిన మనిషిది కాదు.

రెండవ కాన్పు

"ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అన్న మాట 1916లో న్యూయార్కు వైద్యుడు క్రాగిన్ అన్నది. ఆ రోజులలో గర్భాశయపు పై భాగాన్ని నిలువుగా కోసేవారు. బలంగా బిగుసుకొనే భాగం అదే కాబట్టి మరుసటి కాన్పులో ఆ మచ్చ విడిపోయే ప్రమాదం ఎక్కువ. 1920 తరువాత గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ అడుగు భాగాన అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చాడు; నేడు దాదాపు అన్నిచోట్లా అదే. ఈ అడ్డకోత మచ్చతో నొప్పులు పడిన తల్లులలో అది విడిపోయేది 200 మందికి ఒకరికి. తగినవారిని ఎంచి ప్రయత్నింపజేస్తే 100కి 70 మందికి పైగా మామూలుగానే ప్రసవిస్తున్నారు. కాన్పుకు, కాన్పుకు మధ్య తగినంత ఎడం ఉండాలి. మొదటి కోతకు కారణమైన చిక్కు మళ్ళీ ఉండకూడదు. ఆ ఒక్కరు తామే కావచ్చు కాబట్టి, క్షణాలలో శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రిలోనే దీనిని ప్రయత్నించాలి. ఇంటిదగ్గరా, చిన్న కేంద్రాలలోనూ తగదు. కోరి మళ్ళీ కోతనే ఎంచుకునే తల్లులూ ఉన్నారు. ఎందరు బిడ్డలు కావాలనుకుంటున్నారో ముందుగా ఆలోచించుకోవాలి, ఎందుకంటే కోతలు పెరిగినకొద్దీ తరువాతి గర్భంలో మాయ ఆ మచ్చకు లోతుగా అంటుకొనే ప్రమాదం పెరుగుతుంది.

ఇంత నిర్ణయమూ ఒక కాగితం మీద ఆధారపడుతుంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో కోత ఏ కారణంచేత చేశారో, ఎన్ని సెంటీమీటర్ల వరకు ద్వారం తెరచుకున్నదో, గర్భాశయంపై కోత అడ్డమో నిలువో, బిడ్డ బరువెంతో ఉండాలి. పొట్ట మీది మచ్చను చూసి లోపలి కోత ఎటువంటిదో చెప్పటం సాధ్యం కాదు. లేకపోతే అడిగి వ్రాయించుకోవాలి. చదివి తెలుగులో చెప్పమని కూడా అడగవచ్చు. చాలా ఇండ్లలో ఆ చీటీ మందుల పొట్లాలతో పాటు చిరిగిపోతుంది. టీకాల కార్డుతో కలిపి ట్రంకు పెట్టెలో భద్రపరిస్తే, మూడేండ్ల తరువాత సత్తెనపల్లిలోనో గుంటూరులోనో మరొక డాక్టరమ్మ "మొదటిది ఎందుకు చేశారమ్మా?" అని అడిగినప్పుడు, తల వంచుకోకుండా దానిని ఆమె చేతికి ఇవ్వవచ్చు.